నలభై ఏళ్ల తేడా: చోవా చూ కాంగ్ నుంచి కోస్తా దాకా పుట్టుకలు, ఆయుర్దాయాలు

సింగపూర్ వాయవ్య మూలన ఉన్న చోవా చూ కాంగ్ టౌన్‌లో టెక్ వై వాక్ అనే వీధి ఉంది. ఆ వీధిలో ఉన్న పయనీర్ జూనియర్ కాలేజీ 2019లో జూరాంగ్ జూనియర్ కాలేజీతో కలిసి జూరాంగ్ పయనీర్ అయింది. ఆ ఒక్క ఏడాదే దేశంలో ఎనిమిది జూనియర్ కాలేజీలు నాలుగయ్యాయి. చదువు బాగోలేక కాదు, డబ్బు లేకా కాదు. ఆ బెంచీల మీద కూర్చోవలసిన పిల్లలు పదిహేడేళ్ల క్రితం పుట్టలేదు, అంతే. 2000లో సింగపూర్‌లో దాదాపు 47 వేల మంది శిశువులు పుట్టారు. 2003 నాటికి ఆ సంఖ్య 37 వేల చిల్లరకు పడిపోయింది.

అదే టౌన్ దాటి పాత చోవా చూ కాంగ్ రోడ్డు పట్టుకుని పడమటికి వెళ్తే దేశంలో ఇంకా ఖననాలు జరుగుతున్న ఒకే ఒక్క శ్మశానం వస్తుంది. 1998లో తెచ్చిన నిబంధన ప్రకారం అక్కడ ఒక సమాధికి పదిహేనేళ్లే గడువు. ఆ తర్వాత అవశేషాలను వెలికితీసి, ఆయా మతాల పద్ధతిలో దహనం చేస్తారు, లేదా మరికొన్నిటితో కలిపి ఒకే గుంటలో మళ్లీ పూడుస్తారు. 2017లో టెంగా వైమానిక స్థావరాన్ని విస్తరించడానికి అక్కడి 80 వేలకు పైగా సమాధులను తరలించాలని నిర్ణయించారు. పుట్టేవాళ్లు తగ్గి ఒక కాలేజీ మరో కాలేజీలో కలిసింది. చనిపోయినవాళ్లకు చోటు చాలక సమాధికి గడువు వచ్చింది. ఈ రెండింటి మధ్య బస్సులో కాసేపటి ప్రయాణం.

జనాభా పెరుగుదల, ఆయుర్దాయం అనగానే మామూలుగా దేశాలకు ర్యాంకులిచ్చే పట్టికలు గుర్తొస్తాయి. పైన జపాన్, సింగపూర్, కింద ఎక్కడో మనం. ఆ పట్టికలు తప్పని కాదు గానీ వాటిలో కాలం కనిపించదు. ఇరుగుపొరుగు ప్రాంతాలను పోల్చేటప్పుడు ఎవరు ముందున్నారనే ప్రశ్నకంటే, ఎవరు ఏ ఏడాది ఏ మలుపు దగ్గర ఉన్నారనే ప్రశ్న ఎక్కువ చెబుతుంది. చోవా చూ కాంగ్‌లో నిలబడి ఉత్తరాన మలేసియాలోని జోహోర్ వైపు, దక్షిణాన ఇండొనేసియాలోని బాతామ్ వైపు, బంగాళాఖాతం దాటి ఆంధ్ర, తెలంగాణల వైపు చూస్తే అది బాగా అర్థమవుతుంది.

ఊరి పేరులోనే వలస కథ ఉంది. తియోచూ చైనీయుల భాషలో చూ కాంగ్ అంటే ఏటి ఒడ్డున వెలసిన వాడ. చోవా అన్నది అక్కడి తొలి పెద్ద ఇంటిపేరు. పందొమ్మిదో శతాబ్దంలో వాళ్లు అడవి కొట్టి గాంబియర్, మిరియాల తోటలు వేశారు. 1980ల చివర్లో ఆ పల్లెలు పోయి బహుళ అంతస్తుల ఫ్లాట్లు వచ్చాయి. 1990 మార్చిలో మెట్రో రైలు వచ్చింది. 2020 జనాభా లెక్కల నాటికి ఇక్కడ 1 లక్షా 90 వేల మందికి పైగా ఉన్నారు. ఒక తాలూకా అంత జనం అన్నమాట.

ఇదే నగరంలో నూటపాతికేళ్ల కింద పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో మూడు వందలకు పైగా ఏడాది నిండకుండానే పోయేవారు. ఆయుర్దాయం అనే మాటను చాలామంది తప్పుగా అర్థం చేసుకునేది ఇక్కడే. స్వాతంత్ర్యం వచ్చేనాటికి భారతదేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉంది. అంటే అందరూ ముప్పై రెండేళ్లకే పోయారని కాదు. పురిట్లోనే, పాలు తాగే వయసులోనే పోయినవాళ్లు సగటును కిందికి లాగేశారు. ఆ గండం గడిచినవాళ్లలో అరవై, డెబ్బై దాకా బతికినవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఆయుర్దాయం మొదట పెరిగేది పెద్దాసుపత్రుల వల్ల కాదు. మంచినీటి వల్ల, మురుగు కాలువల వల్ల, మంత్రసానికి నేర్పిన శుభ్రత వల్ల, టీకా వల్ల.

మలయా తోటల్లోని తెలుగువాళ్లకు ఈ సంగతి ప్రాణాల మీదికొచ్చి తెలిసింది. నాటి విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి ఓడలెక్కి వెళ్లిన కూలీలు రబ్బరు, కొబ్బరి తోటల్లో మలేరియాకు కుప్పలుగా బలయ్యారు. మాల్కం వాట్సన్ అనే వైద్యుడు 1901లో క్లాంగ్‌లో చిత్తడి నేలల నీళ్లు మళ్లించి దోమను అదుపు చేశాక మరణాలు తగ్గాయి. మందుకంటే ముందు పని చేసింది కాలువ తవ్విన పార. పెరాక్‌లోని బాగన్ దాతో చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకునేనాటికి ఆ తోటల్లో మనవలను ఎత్తుకున్న తాతలు తయారయ్యారు. 1957లో మలయాలో సగటు ఆయుర్దాయం మగవాళ్లకు 56, ఆడవాళ్లకు 58. ఇప్పుడు మలేసియాలో అది 75.

సింగపూర్‌లో 83 దాటింది. రెండు దేశాలను కలిపే కాజ్‌వే పొడవు కిలోమీటరు పైచిలుకు. అంతలోనే ఎనిమిదేళ్ల ఆయుష్షు తేడా!

అయితే ఈ పోలికను కాస్త ఆగి చూడాలి. సింగపూర్ ఒక నగరం. మలేసియాలో నగరాలున్నాయి, అడవులున్నాయి, సారవాక్ నదుల వెంట పడవ మీద తప్ప చేరలేని ఊళ్లున్నాయి. నగరాన్ని నగరంతో పోల్చాలి. పిల్లల సంఖ్యలో అలా పోలిస్తే తేడా బాగా తగ్గిపోతుంది. ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య మలేసియా మొత్తానికి 1.7 దగ్గర ఉంటే, పెనాంగ్, కౌలాలంపూర్‌లలో ఒకటిన్నరకు కూడా తక్కువే. తూర్పు తీరాన తెరెంగాను మాత్రం రెండున్నర దాటి ఉంది. ఒకే దేశంలో రెండు కాలాలు నడుస్తున్నాయి.

సింగపూర్ లెక్కల్లో మరో మెలిక ఉంది. దేశంలో 2024 జూన్ నాటికి 60 లక్షల 40 వేల మంది ఉన్నారు. వాళ్లలో 18 లక్షల 60 వేల మంది పౌరులూ కారు, శాశ్వత నివాసులూ కారు. ఆయుర్దాయం 83 అన్నా, స్త్రీకి పిల్లలు 0.97 అన్నా ఆ అంకెలు పౌరులకూ శాశ్వత నివాసులకూ మాత్రమే. దాదాపు 3 లక్షల మంది విదేశీ ఇంటిపనివాళ్లు అక్కడ ఉన్నారు. నిబంధనల ప్రకారం పని పర్మిట్ మీద ఉన్న మహిళ మామూలుగా అక్కడ బిడ్డను కనడానికి వీల్లేదు. పాత చోవా చూ కాంగ్ రోడ్డు మీదే సుంగై టెంగా లాడ్జ్ అనే వసతి గృహంలో పాతిక వేల మంది దాకా వలస కార్మికులు ఉండేవారు. 2020 కోవిడ్ కాలంలో గేట్లు మూసి ఏకాంతంలో ఉంచిన వసతి గృహాల్లో అదీ ఒకటి. ఇలాంటి చోట్ల ఉండేవాళ్లు పడుచు వయసులో వస్తారు, జబ్బు చేస్తే, వయసు మీదపడితే సొంతూరికి వెళ్లిపోతారు. వాళ్ల పిల్లలు సొంతూరి లెక్కలో పుడతారు, వాళ్ల ముసలితనం సొంతూరి లెక్కలో గడుస్తుంది. సింగపూర్ కట్టడాల్లో వాళ్ల చెమట ఉంది, సింగపూర్ ఆయుర్దాయంలో వాళ్ల ఆయువు లేదు. పొరుగు ప్రాంతాల పట్టికలను చదివేటప్పుడు ఈ ఒక్క మాట మరవకూడదు.

పుట్టుకల కథలో సింగపూర్ ఎంత వేగంగా తిరిగిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అక్కడి కాన్పుల ఆసుపత్రి పేరు కందాంగ్ కెర్బావ్. మలయ్ భాషలో గేదెల కొట్టం అని అర్థం, ఒకప్పుడు ఆ చోట గేదెలను కట్టేసేవారట. 1966లో ఆ ఒక్క ఆసుపత్రిలోనే దాదాపు 40 వేల కాన్పులు జరిగి గిన్నిస్ రికార్డు పుస్తకానికెక్కాయి. 2023లో దేశం మొత్తంలో పుట్టిన పిల్లలు 33 వేల చిల్లర.

ఆ 1966లోనే ప్రభుత్వం కుటుంబ నియంత్రణ బోర్డు పెట్టింది. 1970లో గర్భస్రావానికీ, స్వచ్ఛంద ఆపరేషన్‌కూ చట్టబద్ధత వచ్చింది. 1972 నుంచి ‘ఇద్దరితో ఆపండి’ ప్రచారం సాగింది. మూడో బిడ్డకు జీతంతో ప్రసూతి సెలవు లేదు. కాన్పు కాన్పుకూ ఆసుపత్రి రుసుము పెరిగేది. ఆపరేషన్ చేయించుకున్న తల్లిదండ్రుల పిల్లలకు బడిలో చేరడానికి ప్రాధాన్యం. 1965లో స్త్రీకి 4.7గా ఉన్న సగటు 1975కల్లా 2.1కి దిగింది, 1980లో 1.8. ప్రచారం పనిచేసిందనడంలో సందేహం లేదు. కానీ అదే దశాబ్దంలో ఆడపిల్లలు సెకండరీ బడి దాటి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలకు వెళ్లారు, పల్లెల్లోని ఉమ్మడి ఇళ్లు పోయి రెండు, మూడు గదుల ఫ్లాట్లు వచ్చాయి. ప్రచారం లేకపోయినా ఆ గీత కిందికే దిగేదని, కాస్త నెమ్మదిగా దిగేదని అనుకోవడమే సబబు.

తర్వాత ప్రభుత్వానికి భయం పట్టుకుంది. 1984లో డిగ్రీ చదివిన తల్లుల పిల్లలకు బడి సీట్లలో ప్రాధాన్యం ఇచ్చే పథకం తెచ్చి, జనం కోపగించుకోవడంతో మరుసటి ఏడాదే తీసేశారు. 1987లో నినాదం తిరగబడింది: స్తోమత ఉంటే ముగ్గురిని, అంతకన్నా ఎక్కువమందిని కనండి అన్నారు. 1988 చైనీయుల డ్రాగన్ సంవత్సరం. శుభమని నమ్మి పిల్లలను కన్నారు, సగటు 1.96కు లేచింది. మళ్లీ పడింది. 2001లో బేబీ బోనస్ పేరుతో నగదు ఇవ్వడం మొదలైంది. 2024 కూడా డ్రాగన్ సంవత్సరమే. ఈసారి సగటు 0.97 దగ్గరే ఉండిపోయింది, చుక్క కూడా పైకి కదల్లేదు. ముప్పై ఆరేళ్లలో శుభ సంవత్సరానికి కూడా బలం తగ్గిపోయింది.

పొరుగు దేశాలు వేరే లెక్క వేసుకున్నాయి. సింగపూర్ ఇంకా ఇద్దరితో ఆపమంటున్న 1982లో మలేసియా ప్రధాని మహతీర్ మహమ్మద్ దేశ జనాభా 7 కోట్లకు పెరగాలన్నారు, సొంత మార్కెట్ ఉంటేనే పరిశ్రమ నిలుస్తుందని ఆయన వాదన. గడువు 2100 దాకా పెట్టుకున్నారు. 2024లో మలేసియా జనాభా 3 కోట్ల 40 లక్షలు, పుట్టుకలు తరుగుతున్నాయి. ఇండొనేసియా 1970లో కుటుంబ నియంత్రణ సంస్థను పెట్టి ఇద్దరు పిల్లలు చాలన్న మాటను ఊరూరా చాటింది. అయిదున్నర దాటిన సగటు 2020 నాటికి 2.18కి వచ్చింది. సింగపూర్‌కు ఫెర్రీలో గంట లోపు దూరంలో ఉన్న బాతామ్ ద్వీపం మాత్రం పుట్టుకలతో సంబంధం లేకుండా పెరిగింది. 1970ల మొదట్లో కొన్ని వేల మంది జాలర్లు ఉన్న ఆ ద్వీపంలో ఫ్యాక్టరీలు వచ్చాక 2020 లెక్కల్లో దాదాపు 12 లక్షల మంది తేలారు. జనాభా పెరుగుదల అంటే పురిటి గది ఒక్కటే కాదు, రేవు కూడా.

నినాదాలు ఎదురెదురుగా ఉన్నా మూడు దేశాలూ ఒకే వైపు నడిచాయి. తేడా అంతా ఏళ్లలో ఉంది.

తెలుగు నేలను ఈ వరసలో పెడితే ఏ ఏడాది దగ్గర నిలుస్తుంది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 1981-91 దశాబ్దంలో 24 శాతం పెరిగింది. తర్వాతి దశాబ్దంలో 14.6 శాతం. 2001-11లో సుమారు 11 శాతం. ఇరవై ఏళ్లలో వేగం సగానికి పైగా తగ్గింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం స్త్రీకి సగటున పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఆయుర్దాయం రెండు చోట్లా 70 దగ్గర. సింగపూర్‌లో 1980 నాటి అంకెలు దాదాపు ఇవే: పిల్లలు 1.8, ఆయుర్దాయం 72. అంటే సుమారు నలభై ఏళ్ల తేడా.

రాజకీయం కూడా అదే దారిన నడిచింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక సంస్థల ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన 1994లో వచ్చింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం రాష్ట్రానికి జనాభా విధానం ప్రకటించింది. 2024లో అదే ముఖ్యమంత్రి ఎక్కువమంది పిల్లలను కనమని పిలుపునిచ్చారు, ఆ ఏడాది నవంబరులో శాసనసభ ఆ అనర్హతను ఎత్తేసింది. సింగపూర్ 1987లో తిప్పిన మలుపును ఆంధ్ర 2024లో తిప్పింది.

అయితే అంకె ఒకటే అయినా దాని వెనకున్న బతుకు ఒకటి కాదు. సింగపూర్ అమ్మాయి ముప్పై ఏళ్లు దగ్గరపడ్డాక పెళ్లి చేసుకుంటుంది, కొందరు చేసుకోరు, చేసుకున్నవాళ్లలో చాలామంది ఒకరితో ఆగుతారు. ఆంధ్రాలో ఇరవైకి అటూ ఇటూగా పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్. ఆ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 29 శాతానికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. ఒక చోట చదువు, ఉద్యోగం పెళ్లిని వెనక్కి నెట్టాయి. ఇంకో చోట పెళ్లి చదువును ఆపేసింది, ఆపరేషన్ కాన్పులను ఆపేసింది. పిల్లలను కనమని పిలుపునిచ్చేవాళ్లు ఈ తేడా చూడకపోతే ఆ భారమంతా మళ్లీ ఇరవై ఏళ్ల ఆడపిల్ల మీదే పడుతుంది.

చోవా చూ కాంగ్‌లో పొద్దున్నే ఫ్లాట్ల కింద నీడపట్టున, అక్కడివాళ్లు వాయిడ్ డెక్ అనే ఖాళీ స్థలంలో, చంటిపిల్లల బండి తోస్తూ నడిచే తెలుగు అమ్మమ్మలు కనిపిస్తారు. కూతురి పురిటికి సందర్శక పాస్ మీద వచ్చినవాళ్లు. పాయసానికి బెల్లం, వాముపొడి, పసికందుకు నలుగుపిండి సూట్‌కేసులో తెచ్చుకుంటారు. వాళ్లలో యాభై దాటిన ఒకామెను కదిపితే మూడు తరాలు బయటికొస్తాయి. అమ్మకు ఎనిమిది కాన్పులు, దక్కింది అయిదుగురు. తనకు ఇద్దరు, ఇరవై మూడేళ్లకే ఆపరేషన్. కూతురికి ముప్పై నాలుగు, ఇదే మొదటి బిడ్డ.

“ఇంకోడు ఉంటే వీడికి తోడుగా ఉంటాడే,” అంటుంది తల్లి.

“ముందు వీణ్ణి పెంచనీ అమ్మా. నువ్వెళ్లిపోయాక చూసేదెవరు?” అంటుంది కూతురు.

సింగపూర్ ప్రభుత్వం ఇరవై ఏళ్లకు పైగా నగదు ఇస్తున్నా అంకె ఎందుకు లేవలేదో ఆ ప్రశ్నలో ఉంది. డబ్బు ఒకసారి చేతికొస్తుంది, పిల్లవాడిని రోజూ ఎత్తుకోవాలి. అక్కడ కొంత ఆలస్యంగా ఈ సంగతి గుర్తించి మూడు తరాలు కలిసి ఉండే ఫ్లాట్లు కట్టారు, తల్లిదండ్రులకు దగ్గరగా ఇల్లు కొనుక్కుంటే సాయం ఇస్తున్నారు. సాయం చేసే తల్లి బంగాళాఖాతం అవతల ఉన్న ఇంటికి అది పనికిరాదు.

ఆయుర్దాయంలోని పదమూడేళ్ల తేడా ఎక్కడుంది? కొంత పసితనంలోనే ఉంది. 2020లో వెయ్యి పుట్టుకలకు శిశు మరణాలు ఆంధ్రలో 24, తెలంగాణలో 21, సింగపూర్‌లో రెండు మాత్రమే. మిగిలిందాంట్లో చాలావరకు నడివయసులో ఉంది. గుండెపోటు, అదుపులో లేని చక్కెర, సారా, జాతీయ రహదారుల మీది మరణాలు సంపాదించే వయసువాళ్లను తీసుకుపోతున్నాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతే చూడండి. పచ్చని కొబ్బరి, జీడి తోటల మధ్య కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో రైతుకూలీలకు నలభై, యాభై ఏళ్లకే కిడ్నీలు పాడవుతున్నాయి. ఎన్నేళ్లు పరిశోధించినా ఒక్క కారణమని తేల్చలేకపోయారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి వచ్చాయి. నూరేళ్ల కింద మలయా కొబ్బరి తోటలకు మనుషులను పంపిన ప్రాంతాల్లో ఇదీ ఒకటి. అక్కడికి వెళ్లినవాళ్ల మునిమనవలు ఇవాళ సగటున 75 ఏళ్ల దేశంలో ఉన్నారు. ఇక్కడ మిగిలినవాళ్లు డయాలిసిస్ కుర్చీ కోసం ఎదురుచూస్తున్నారు. ఉద్దానంలో నడివయసు మరణాలను ఆపడం రాష్ట్రం సగటు కోసం కాకపోయినా చేయాల్సిన పని, సగటు దానంతటదే పెరుగుతుంది.

అన్నిటికన్నా పెద్ద తేడా డబ్బులోనూ రాకపోకల దిశలోనూ ఉంది. 1980లో సింగపూర్ తలసరి ఆదాయం అప్పటి అమెరికా డాలర్లలోనే దాదాపు 5 వేలు. నాటి డాలరు విలువ ఇప్పటి నాలుగు డాలర్లకు దగ్గర. ఆంధ్రప్రదేశ్ తలసరి ఆదాయం ఇప్పటి డాలర్లలో 3 వేల దరిదాపుల్లో ఉంది. సింగపూర్‌కు 1955 నుంచే జీతంలో కోసి దాచే ప్రావిడెంట్ ఫండ్ ఉంది. ఆంధ్రాలో ముసలివాళ్లలో ఎక్కువమందికి ఆధారం నెలకు 4 వేల రూపాయల పింఛను. పుట్టుకలు తగ్గినా సింగపూర్ ఇన్నాళ్లు ఎదగగలిగింది పడుచువాళ్లను బయటి నుంచి తెచ్చుకోగలిగింది కాబట్టి. 1965లో 19 లక్షలున్న జనాభా, స్త్రీకి ఇద్దరు కూడా పుట్టని దాదాపు అర్ధ శతాబ్దాన్ని దాటి మూడు రెట్లకు మించి పెరిగింది. ఆంధ్ర, తెలంగాణ పడుచువాళ్లను పంపిస్తున్నాయి. చోవా చూ కాంగ్ ఫ్లాట్లలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, పక్కనే టెంగాలో కొత్త టౌన్ కడుతున్న క్రేన్ ఆపరేటరు ఇద్దరూ అలా వచ్చినవాళ్లే.

అంత ఉన్న సింగపూర్‌కే ముసలితనం బరువుగా ఉంది. 2024లో పౌరుల్లో దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు అరవై అయిదు దాటినవాళ్లు, 2030కి నలుగురిలో ఒకరవుతారు. 2017 అంచనా ప్రకారం అక్కడివాళ్లు జీవితంలో చివరి పదేళ్లకు పైగా ఏదో ఒక అనారోగ్యంతో గడుపుతున్నారు. బతుకు పొడవు పెరిగినంతగా బాగోగులు పెరగలేదు. నలభై ఏళ్ల వెనక ఉన్న తెలుగు రాష్ట్రాలకు ఇది ముందే తెలియడం ఒక అవకాశం. పిల్లలను కనమనే పిలుపులకంటే ముందు మండలానికి ఒక పగటి పిల్లల సంరక్షణ కేంద్రం, ఊళ్లో మంచం పట్టిన పెద్దలను ఇంటికొచ్చి చూసే నర్సు, ఆడపిల్ల డిగ్రీ పూర్తయ్యేదాకా పెళ్లి మాట ఎత్తని ఇల్లు కావాలి. వాటికి ఖర్చవుతుంది, ఫలితం ఒక ఎన్నికల గడువులో కనిపించదు. అయినా అక్కడే మొదలుపెట్టాలి.

భారతదేశంలో తర్వాతి జనగణనకు 2027 మార్చి 1ని లెక్క తేదీగా నిర్ణయించారు. ఆ రోజుకు చోవా చూ కాంగ్ నుంచి తిరిగి వెళ్లిన అమ్మమ్మ కోస్తాలో ఏదో ఊళ్లో తాళం తీసిన ఇంట్లో ఒంటరిగా ఉంటుంది, లెక్కలవాళ్లు ఆ ఇంటికి ఒకరని రాసుకుంటారు. కూతురు ఆ కాగితంలో ఉండదు. మనవడికి అప్పటికి నడక వచ్చి ఉంటుంది. వాడి తల్లిదండ్రులకు శాశ్వత నివాసం దక్కి ఉంటే సింగపూర్ వాడిని తన పిల్లల్లో కలుపుకుంటుంది, లేకపోతే 18 లక్షల పైచిలుకు పరదేశుల్లో ఒకడిగా రాసుకుంటుంది.